పాము చావాలి.. కర్ర విరగకూడదు! షాట్‌గన్‌తో కొయోటీ వేట, తోలు పాడవకుండా ఎలా? అసలు లెక్క ఇదీ

Coyote Hunting అనగానే పొడవాటి రైఫిల్, దానిపై పెద్ద టెలిస్కోప్ గుర్తొస్తాయి. కానీ అమెరికాలో చాలామంది వేటగాళ్లు ఈ పనికి షాట్‌గన్ పట్టుకెళ్తారు. ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే పదుల సంఖ్యలో పెల్లెట్లు చిమ్మే తుపాకీ అది. మరి అన్ని పెల్లెట్లు తగిలితే తోలు జల్లెడైపోదా? ఇక్కడే అసలు ట్విస్ట్ ఉంది. సరిగ్గా వాడితే రైఫిల్ కన్నా షాట్‌గనే తోలును కాపాడుతుంది. తప్పుగా వాడితే మాత్రం తోలూ దక్కదు, జంతువూ గాయంతో పారిపోయి నరకం చూస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడుందో చూద్దాం.

ముందుగా.. కొయోటీ అంటే ఏంటి?

మన నక్కకి దగ్గరి చుట్టం అనుకోవచ్చు. కుక్కల జాతికి చెందిన ఈ జంతువు ఉత్తర అమెరికాది. బరువు సుమారు 9 నుంచి 20 కిలోలు. తోడేలు కన్నా చిన్నది, మన గుంటనక్క కన్నా కాస్త పెద్దది. కొయోటీ అనే పేరు మెక్సికో మూలవాసుల నహువాటల్ భాష నుంచి వచ్చింది.

ఒకప్పుడు పశ్చిమాన మైదానాలకే పరిమితమైన ఈ జంతువు ఇప్పుడు హవాయి తప్ప అమెరికా రాష్ట్రాలన్నింటిలో కనిపిస్తోంది. తోడేళ్లను మనుషులు తుడిచిపెట్టేశాక ఖాళీ అయిన చోటును ఇది ఆక్రమించేసింది. న్యూయార్క్, షికాగో, లాస్ ఏంజెలిస్ లాంటి మహానగరాల్లోనూ తిరుగుతోంది.

గొర్రెల రైతులకు మాత్రం ఇది పెద్ద తలనొప్పి. అడవి జంతువుల వల్ల చనిపోయే గొర్రెలు, గొర్రెపిల్లల విషయంలో మొదటి ముద్దాయి కొయోటీయేనని అమెరికా వ్యవసాయ శాఖ సర్వేలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. అందుకే చాలా రాష్ట్రాల్లో దీని వేటకు ఏడాది పొడవునా అనుమతి ఉంది. కొన్ని రాష్ట్రాల్లో సీజన్ ఉంటుంది. లైసెన్స్ రూల్స్ కూడా రాష్ట్రాన్ని బట్టి మారిపోతాయి.

తోలు కావాలంటే చలికాలమే ఎందుకు?

కొయోటీ ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. లోపల మెత్తగా, దట్టంగా ఉండేది ఒకటి. పైన పొడవుగా, గరుగ్గా ఉండే వెంట్రుకలు రెండోది. చలి ముదిరేకొద్దీ లోపలి పొర దట్టమవుతుంది. ప్రాంతాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అయినా, నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా తోలు మంచి కండిషన్‌లో ఉంటుంది.

ఆ తర్వాత? జనవరి నుంచి మార్చి మధ్య జత కట్టే కాలం. తిరుగుడు, రాపిడి ఎక్కువై భుజాలు, తుంటి మీద వెంట్రుకలు అరిగిపోతాయి. వేసవిలో చంపిన కొయోటీ తోలుకు మార్కెట్లో విలువే ఉండదు. అంటే తోలు కోసం వెళ్లే వేటగాడికి తుపాకీ కన్నా ముందు చూడాల్సింది క్యాలెండర్!

ఇంకో విషయం గజ్జి. కంటికి కనిపించనంత చిన్న పురుగు వల్ల వచ్చే ఈ జబ్బు సోకితే బొచ్చు ఊడిపోయి, చర్మం మందంగా, పొరలు పొరలుగా తయారవుతుంది. అలాంటి తోలు దేనికీ పనికిరాదు.

రైఫిల్ ఉండగా షాట్‌గన్ ఎందుకు?

రెండు వందల గజాల అవతల బీడు భూమిలో నిలబడ్డ కొయోటీ అయితే రైఫిల్ తప్పదు. కానీ పొదలు, చెట్లు, వాగుల పక్కన పెరిగిన తుప్పల్లో కథ వేరు. అక్కడ కొయోటీ కనిపించడమే 30 గజాల్లో కనిపిస్తుంది. అదీ పరుగులో, రెండు మూడు సెకన్ల పాటు. అంత తక్కువలో, కదిలే జంతువును స్కోప్‌లో పట్టుకోవడం కష్టం. షాట్‌గన్ అందుకు కుదురుతుంది.

ఇక తోలు సంగతి. రైఫిల్ తూటా సెకనుకు దాదాపు 3 వేల అడుగులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వేగంతో వెళ్తుంది. చాలా రకాల తూటాలు ఒంట్లోకి వెళ్లగానే విచ్చుకుంటాయి. లోపలికి వెళ్లిన చోట చిన్న కన్నమే. కానీ అవతలి వైపు నుంచి బయటికొస్తే అరచేయంత చిరుగు పడొచ్చు. ఎముకకు తగిలితే మరీ ఘోరం. అందుకే రైఫిల్ వాడేవాళ్లలో తోలు గురించి పట్టించుకునేవాళ్లు లోపలే ఆగిపోయే చిన్న, తేలిక తూటాలు ఎంచుకుంటారు.

షాట్‌గన్ పెల్లెట్ వేగం అందులో సగం కూడా ఉండదు. సెకనుకు సుమారు 1,200 నుంచి 1,300 అడుగులు. ఒక్కో పెల్లెట్ చేసే కన్నం దాని సైజంతే ఉంటుంది. దట్టమైన చలికాలపు బొచ్చులో ఆ కన్నం పైకి కనిపించదు. లోపలి వైపు నుంచి సూదీ దారంతో నాలుగు కుట్లు వేస్తే సరిపోతుంది.

పెల్లెట్ సైజులోనే అంతా ఉంది

ఇక్కడ ఓ చిక్కుంది. పెల్లెట్ మరీ చిన్నదైతే దట్టమైన బొచ్చు, తోలు, కండ దాటి గుండె, ఊపిరితిత్తుల దాకా వెళ్లదు. పిట్టల్ని కొట్టే సన్న పెల్లెట్లతో కొయోటీని కొడితే జరిగేది అదే. జంతువు చావదు. గాయంతో పొదల్లో దూరి రోజుల తరబడి బాధపడి చస్తుంది. వేటగాళ్లే దీన్ని పెద్ద తప్పుగా చూస్తారు.

మరీ పెద్దదైతే ఇంకో సమస్య. జింకల వేటకు వాడే డబుల్ ఓ బక్‌షాట్ ఒక్కో గుండు 0.33 అంగుళాలు. సుమారు 8 మిల్లీమీటర్లు. షెల్‌లో పట్టేవి తక్కువ. దూరం పెరిగేకొద్దీ గుళ్ల మధ్య ఖాళీలు పెరుగుతాయి. ఒకటో రెండో ఎక్కడపడితే అక్కడ తగులుతాయి. దగ్గర్నుంచి కొడితే రెండో వైపు నుంచి కూడా దూసుకొచ్చి తోలుకు రెండు పక్కలా చిల్లులు పెడతాయి.

అందుకే మధ్యే మార్గం. ఎక్కువ మంది వాడేది 12 గేజ్ తుపాకీ, 3 అంగుళాల షెల్, నంబర్ 4 బక్‌షాట్. ఒక్కో పెల్లెట్ 0.24 అంగుళాలు. అంటే 6 మిల్లీమీటర్లు. ఒక షెల్‌లో సాధారణంగా 41 ఉంటాయి. ఇంకొందరు 0.20 అంగుళాల టీ షాట్, 0.18 అంగుళాల బీబీ షాట్ వాడతారు. సీసం కన్నా బరువైన టంగ్‌స్టన్ మిశ్రమంతో చేసిన పెల్లెట్లు అయితే సైజు చిన్నదైనా లోతుగా వెళ్తాయి. కన్నం చిన్నది, పని పూర్తి. కాకపోతే ధర చుక్కలు చూపిస్తుంది.

ఇంకో రూల్ కూడా గుర్తుంచుకోవాలి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి అడవి జంతువుల వేటకు సీసం తూటాలు, పెల్లెట్లు పూర్తిగా నిషేధం.

పేపర్ మీద కొట్టి చూడాల్సిందే

షాట్‌గన్ గొట్టం చివర బిగించే చిన్న భాగాన్ని చోక్ అంటారు. నీళ్ల పైపు చివర వేలు అడ్డం పెడితే ధార ఎలా మారుతుందో, చోక్ కూడా పెల్లెట్ల గుంపును అలాగే దగ్గరగా ఉంచుతుంది. కానీ ఒకే చోక్, ఒకే షెల్ రెండు తుపాకుల్లో ఒకేలా పనిచేయవు. గొట్టం గొట్టానికీ తేడా ఉంటుంది.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు అడవికి వెళ్లే ముందే పెద్ద కాగితం కట్టి 20, 30, 40 గజాల నుంచి కొట్టి చూస్తారు. దీన్నే ప్యాటర్న్ చూడటం అంటారు. కొయోటీ ఛాతీలో ప్రాణం పోయే భాగం ఓ చిన్న పళ్లెమంత ఉంటుంది. కాగితం మీద అంత చోట ఎన్ని పెల్లెట్లు పడ్డాయో లెక్కపెడతారు. 40 గజాల దగ్గర అక్కడక్కడా రెండో మూడో పడితే, ఆ తుపాకీకి 40 గజాలు పనికిరావన్నమాట. ఇంకా దగ్గరకు వచ్చేదాకా ఆగాలి.

మరీ దగ్గరైనా ప్రమాదమే! పదిహేను గజాల లోపు పెల్లెట్లు ఇంకా విడిపోవు. ముద్దలా వెళ్లి తగులుతాయి. అప్పుడు పడేది చిన్న చిన్న కన్నాలు కాదు, కుట్టడానికి కూడా వీలుకాని పెద్ద గొయ్యి. తోలు మీద ఆశ వదులుకోవాల్సిందే. చాలా తుపాకులకు 20 నుంచి 40 గజాల మధ్యే సేఫ్ జోన్. ఎక్కువ దూరమైతే జంతువుకు అన్యాయం, తక్కువ దూరమైతే తోలుకు అన్యాయం.

కుందేలు ఏడుపు.. గాలి వాటం

40 గజాల లోపుకి కొయోటీని రప్పించడం ఎలా? దాని వెంట పడితే ఈ జన్మలో దొరకదు. దాన్నే రప్పించాలి. గాయపడ్డ కుందేలు అరుపును నోటితో ఊదే కాల్‌తోనో, రిమోట్‌తో నడిచే ఎలక్ట్రానిక్ కాలర్‌తోనో వినిపిస్తారు. తేలిగ్గా దొరికే తిండి ఉందనుకుని కొయోటీ వస్తుంది.

అయితే అది నేరుగా రాదు. ముక్కును నమ్ముకునే జంతువు. శబ్దం వచ్చిన చోటు చుట్టూ తిరిగి, గాలి తన వైపు వీచే పక్కకు చేరి వాసన పసిగట్టాలని చూస్తుంది. మనిషి వాసన తగిలిందా, ఇక ఆ రోజుకి అంతే సంగతులు. అందుకే వేటగాడు కాలర్‌ను తనకు 20, 30 గజాల దూరంలో పెడతాడు. గాలి అడ్డంగా వీచేలా కూర్చుంటాడు. కొయోటీ వాసన కోసం చుట్టూ తిరిగే దారి తన తుపాకీ అందే దూరంలో ఉండేలా చూసుకుంటాడు. చూపంతా కాలర్ మీద ఉంటుంది కాబట్టి పక్కనే పొద నీడలో కదలకుండా కూర్చున్న మనిషిని అది గమనించదు.

పరిగెత్తుకొస్తున్నప్పుడు చాలామంది నోటితో చిన్నగా ఓ అరుపు అరుస్తారు. కొయోటీ ఒక్క క్షణం ఆగి చూస్తుంది. కాల్చడానికి అదే సమయం. మెడ, భుజం, ఛాతీ ముందు భాగం గురి. పొట్ట వైపు తగిలితే చావు ఆలస్యమవుతుంది, తోలు కూడా రక్తం, మురికితో పాడవుతుంది.

గురి కుదరకపోతే? వదిలేయడమే. కాల్చని షెల్ మళ్లీ పనికొస్తుంది. గాయంతో పారిపోయిన జంతువు ఎవరికీ పనికిరాదు.

పడిపోయాక అసలు పని మొదలు

చాలా తోళ్లు పాడయ్యేది తుపాకీ వల్ల కాదు. ఆ తర్వాత చేసే బద్ధకం వల్ల. వేడి ఒంట్లోనే ఉండిపోతే బ్యాక్టీరియా పెరిగి పొట్ట వైపు పచ్చగా మారుతుంది. వెంట్రుకలు కుదుళ్లతో సహా కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తాయి. అందుకే ఈ జాగ్రత్తలు:

నేల మీద ఈడ్చుకెళ్లకూడదు. పై వెంట్రుకలు విరిగిపోతాయి. ఎత్తి మోయాలి.

రక్తం ఆరకముందే చల్లటి నీళ్లతో కడగాలి. వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. కారకుండా కన్నాల్లో కాగితమో దూదో కుక్కుతారు.

గ్లౌజులు తప్పనిసరి. గజ్జి పురుగులు, ఈగుల్లాంటి గోమార్లు, నులిపురుగుల గుడ్లు, ఒక్కోసారి రేబిస్ ముప్పు కూడా ఉంటుంది.

వీలైనంత త్వరగా ఒలవాలి. ఒళ్లు వెచ్చగా ఉండగా తోలు తేలిగ్గా వస్తుంది. కుదరకపోతే చల్లటి చోట వేలాడదీయాలి.

ఒలిచే పద్ధతి కూడా వేరు. మేకను ఒలిచినట్టు పొట్ట మీద నిలువునా కోయరు. ఒక వెనక కాలి మడమ నుంచి తొడ లోపలి వైపుగా తోక కిందకు, అక్కడి నుంచి రెండో మడమ దాకా ఒకే గీత. తోకలో ఎముక లాగేసి, తోకను కింది వైపు చివరి దాకా చీలుస్తారు. లేకపోతే లోపల కుళ్లిపోతుంది. ఆ తర్వాత బనియన్ తలమీదుగా విప్పినట్టు తోలును తల వైపు లాగుతూ వస్తారు. చెవులు, కళ్లు, పెదవుల దగ్గర కత్తి నిదానంగా ఆడాలి. చివరికి గొట్టంలా ఒకే ముక్కగా చేతికొస్తుంది.

తర్వాత దాన్ని నున్నటి దుంగ మీద తొడిగి, రెండు పిడుల కత్తితో లోపలి కొవ్వు, కండ గీకేస్తారు. కొవ్వు వదిలేస్తే ఆరాక తోలు మాడినట్టు పెళుసుబారుతుంది. పెల్లెట్ కన్నాలు, చిరుగులు కుట్టాల్సింది ఇప్పుడే. కుట్టకుండా సాగదీస్తే చిన్న కన్నం కాస్తా పెద్దదవుతుంది.

ఆపై చెక్కతోనో తీగతోనో చేసిన చట్రానికి తొడుగుతారు. మొదట బొచ్చు లోపలికి, తోలు బయటికి. సుమారు ఒక రోజు గడిచి, చేతికి తడి అంటకుండా, ఇంకా మెత్తగానే ఉన్నప్పుడు తిరగేసి బొచ్చు బయటికి వచ్చేలా మళ్లీ తొడుగుతారు. ఆలస్యం చేస్తే తిరగేయడం కుదరదు. ఎండలోనో పొయ్యి పక్కనో పెట్టకూడదు. చల్లగా, గాలాడే చోట నిదానంగా ఆరాలి. మార్కెట్‌కి పంపే తోలుకు ఉప్పు రాయరు, గాలికే ఆరబెడతారు. సొంతానికి ఊనడానికో, బొమ్మ చేయించడానికో అయితే ఉప్పు వాడతారు.

ఇంత కష్టపడితే డబ్బొస్తుందా?

ఇదే ఇప్పుడు పెద్ద ప్రశ్న. కొయోటీ బొచ్చుకు గిరాకీ తెచ్చింది చలికోటు టోపీల అంచు. ముఖం చుట్టూ గాలిని అడ్డుకునే ఆ బొచ్చు ఫ్యాషన్‌గా మారడంతో, పదేళ్ల కిందట ధరలు ఎగిశాయి. పశ్చిమ రాష్ట్రాల్లో దొరికే లేత రంగు, దట్టమైన తోలుకే ఎక్కువ రేటు. దక్షిణాది తోలు పలచన, కాబట్టి ధరా పలచనే.

ఆ తర్వాత వరసగా దెబ్బలు. టొరంటోలోని నార్త్ అమెరికన్ ఫర్ ఆక్షన్స్ అనే పెద్ద వేలం సంస్థ 2019లో అప్పుల్లో కూరుకుపోయి కోర్టు రక్షణ కోరింది. కొత్త బొచ్చు ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధిస్తూ అదే ఏడాది కాలిఫోర్నియా చట్టం చేసింది. అది 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక కొయోటీ బొచ్చుకు బ్రాండ్ అంబాసిడర్‌లా ఉన్న కెనడా గూస్ కంపెనీ, 2022 చివరికల్లా బొచ్చు వాడకం ఆపేస్తామని 2021లో ప్రకటించింది. మార్కెట్ చల్లబడిపోయింది.

ఫలితం? తోలు ఒలిచే కష్టానికి గిట్టుబాటు కాక చాలామంది చంపిన కొయోటీని అక్కడే వదిలేస్తున్నారు. వేటను సమర్థించే వాళ్లలోనే ఒక వర్గం దీన్ని తప్పుపడుతోంది. చంపినప్పుడు కనీసం తోలైనా వాడాలి, వాడే ఉద్దేశం లేకపోతే చంపొద్దు అనేది వాళ్ల మాట.

చంపితే తగ్గుతాయా?

ఇక్కడే సైన్స్ షాకిస్తోంది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ ఒక్కటే ఏటా పదుల వేల కొయోటీలను చంపుతోంది. వేటగాళ్లు చంపేవి అదనం. అయినా అవి తగ్గకపోగా కొత్త ప్రాంతాలకు పాకాయి.

కారణం వాటి పునరుత్పత్తి. సంఖ్య తగ్గితే మిగిలిన వాటికి తిండి ఎక్కువ దొరుకుతుంది. ఎక్కువ ఆడవి ఈనుతాయి, ఎక్కువ పిల్లలు బతుకుతాయి. ఖాళీ అయిన చోటుకు పక్క ప్రాంతాల కుర్ర కొయోటీలు వచ్చేస్తాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 1975లో వేసిన లెక్క ప్రకారం, ఏటా దాదాపు 70 శాతం చంపినా అవి తట్టుకుని నిలబడగలవు.

అలాగని వేట మొత్తం వృథా అనీ కాదు. గొర్రెల మంద మీద పడే ఒకట్రెండు కొయోటీలను, ఈత కాలానికి ముందు తొలగిస్తే ఆ రైతుకు ఉపశమనం ఉంటుంది. దాంతోపాటు కాపలా కుక్కలు, గాడిదలు, కరెంటు కంచె, రాత్రిళ్లు దొడ్లో కట్టేయడం లాంటివి ఉంటేనే ఫలితం నిలుస్తుంది. ఎవరు ఎక్కువ చంపితే వాళ్లకు బహుమతి అనే పోటీలపైనా వ్యతిరేకత పెరిగింది. 2014లో కాలిఫోర్నియా ఈ బహుమతులను నిషేధించింది. 2019లో న్యూ మెక్సికో, 2023లో న్యూయార్క్ అదే బాట పట్టాయి.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఈ విషయాలు ముఖ్యం

తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉండే డాలస్ శివారు ఫ్రిస్కోలో 2018 చివర్లో కొయోటీలు మనుషులపై దాడి చేసిన ఘటనలు కలకలం రేపాయి. అలాంటి దాడులు అరుదే. వాకింగ్‌లో కొయోటీ ఎదురైతే వీపు తిప్పి పరిగెత్తొద్దు. చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. పిల్లల్ని ఎత్తుకోవాలి. పెరట్లో తిండి, చెత్త వదలొద్దు. అసలు వాటికి తిండి పెట్టొద్దు.

తుపాకీ ఆలోచన ఉంటే చట్టం చూసుకోవాలి. ఊళ్లలో, సబ్ డివిజన్లలో కాల్చడం నేరమే అవుతుంది. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాపై ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. వివరాలు లాయర్‌ని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇక మన దగ్గర ఇది చూసి ప్రయోగాలు చేద్దామనుకుంటే నేరుగా జైలే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం నక్కను వేటాడటం, తోలో తోకో దగ్గర పెట్టుకోవడం నేరం. నాటు తుపాకీ దొరికితే ఆయుధాల చట్టం కింద ఇంకో కేసు. అదృష్టం తెస్తుందంటూ అమ్మే నక్క కొమ్ము కొన్నా చిక్కే.

చివరికి తేలేది ఒక్కటే. తోలు దక్కాలంటే కాలం, దూరం, పెల్లెట్ సైజు, కత్తి పనితనం.. నాలుగూ కుదరాలి. ఆ నాలుగింటిలో ఏది తప్పినా నష్టం ముందు జంతువుకే. కాబట్టి పక్కాగా తగులుతుందన్న నమ్మకం లేనప్పుడు ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసేయగలగడమే ఈ వేటలో మొదటి పాఠం.